దీపం కింద పళ్ళెంలో నీళ్ళు

ఉదయం ఏడు నలభైకి కనకమ్మ సత్రం కూడలిలో మా హెల్త్ ఇన్‌స్పెక్టరు రోజూ రెండు టీలు చెప్పేవారు, ఒకటి చక్కెర లేకుండా. చక్కెర లేనిది నాది. తిరుత్తణి బస్సు దిగి నేను కొట్టు దాకా నడిచేసరికి గ్లాసు బల్ల మీద ఉండేది. ఆయనది పొన్నేరి. ఉద్యోగం కోసం తిరువళ్ళూరులో కాపురం పెట్టి అక్కడి నుంచి స్కూటరు మీద వచ్చేవారు. నేను గ్రామ ఆరోగ్య నర్సును. నేను ఆయనను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవారు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆయన మొన్నటి ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, చనిపోయారు. ఆయనతో కలిసి చేసిన పనుల్లో ఒకదాన్ని గురించి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఆరోగ్యశాఖలో కొత్తగా చేరినవాళ్ళ కోసం ఇది. మా సరిహద్దు ఊళ్ళ నుంచి చేరే పిల్లలకు తెలుగు కన్నా తమిళం చదవడం సులువు. నేను రాసేది తెలుగులో కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి వినిపించినా చాలు.

కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం టీ తాగుతూ ఆయన ఆ రోజు పని చెప్పారు. రోడ్డుకు లోపల ఉన్న ఒక ఊళ్ళో, ఒకే వీధిలో రెండు ఇళ్ళలో జ్వరాలు. కోతలు అయిపోయి వడ్ల మూటలు ఇళ్ళలోకి చేరిన సమయం. మూటల వెనకే పొలంలోని ఎలుకలూ ఇళ్ళలోకి వస్తాయి.

"ఎలి జొరం అయుంటాదక్కా. ఈదంతా ఎలకల మందు పెట్టేసి వస్తాం. నువ్వు జొరాలోళ్ళను చూడు."

ఎలి జ్వరం అంటే ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జ్వరం. ఆ కాలంలో కోతల తర్వాత జ్వరమంటే మాకు ముందు అదే గుర్తుకు వచ్చేది. ఆయన అన్నదాంట్లో నాకేమీ తప్పు కనిపించలేదు.

మొదటి ఇంట్లో అబ్బాయికి మామూలు జలుబు జ్వరం. రెండో ఇంటి వాకిట్లో వేప మండలు కట్టి ఉన్నాయి. అంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మ పోసింది. మావైపు ఒంటి మీద దద్దుర్లతో జ్వరం వస్తే అమ్మవారు వచ్చిందని అంటారు. అమ్మ దిగేదాకా ఇంట్లో తాలింపు పెట్టరు, మందు మింగరు, సూది వేయించుకోరు. ఏ ప్రాణినీ చంపరు. చీమల బారును కూడా దాటుకుని పోతారు.

ఆ ఇంట్లో నలుగురు. పెద్దామె, ఆమె కొడుకు, కోడలు, బడికి పోయే మనవరాలు. కొడుకు తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. కోడలు ఇంటి పని, వడ్ల పని చూసుకుంటుంది. జ్వరం పెద్దామెకు. వసారా దాటితే ఒక పెద్ద గది, దాని వెనక మట్టి నేల ఉన్న చిన్న గది. ఆమె ఆ చిన్న గదిలో చాప మీద పడుకుని ఉంది. తల దగ్గర దీపం వెలుగుతోంది. చీమలు ఎక్కకుండా దీపాన్ని నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టారు. మూలన ఒక వెదురు బుట్ట, దాని మీద పాత పసుపు చీర కప్పి, పైన వేపాకు పెట్టి ఉంది. అమ్మవారికి పెట్టిన సామాను అనుకున్నాను.

నేను నర్సును కాబట్టి గుమ్మం దాటి లోపలికి పోయాను. ఒళ్ళు కాలుతోంది. పొట్ట మీద, వీపు మీద ఎర్రటి చుక్కలు ఉన్నాయి. నీటి పొక్కులు లేవు.

"పొక్కులు లేవే అమ్మా" అన్నాను.

"పెద్ద వయసు కదా నర్సమ్మా. ముసలిదానికి ఎందుకులే అని తల్లి దయ తలిచినాది."

"ఆస్పత్రికి పోదాం. సత్రం దాకా ఆటో పిలిపిస్తాను."

"అమ్మ దిగి తలకు నీళ్ళు పోసుకోనీ. ఆనేక యాడికి పిలిచినా వస్తాను."

"తలనొప్పి ఉండాదా?"

"ఉండాది. తల్లి తలమీదే కూచోనుండాది."

ఇన్‌స్పెక్టరు గుమ్మం దగ్గరే ఆగారు. చెప్పులు ముందే విడిచారు. ప్రతి ఏడూ ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు కావడి మోసే మనిషి ఆయన. అమ్మ ఉన్న గది కదా అని గుమ్మం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, పక్కకు తప్పుకున్నారు. అంతలో వంటింటి గడప మీద ఆయనకు ఒక పచ్చి గరిక కట్ట కనిపించింది.

"ఈ గడ్డి ఎవురికి పెద్దమ్మా? ఆవు లేదు, మేక లేదు."

పెద్దామె లోపలి నుంచే జవాబిచ్చింది. "నాకే సామీ. చెక్కరకు గరిక రసం మంచిదంట."

"కట్టంతా ఒక్కదానివే తాగతావా?"

"ఊరికే ఇస్తే కట్టేమి, పొలం కయ్యంతా తాగతాను."

జ్వరంలో కూడా ఆమె ఆ మాట అనేసరికి కోడలు నవ్వింది, మేమూ నవ్వాం. ఆ నవ్వుతో అక్కడి నుంచి బయటికి వచ్చేశాం.

తర్వాత ఎలుకల మందు దగ్గర పేచీ వచ్చింది. మందు బిళ్ళల డబ్బా చూడగానే పెద్దామె గొంతు మారింది. "అమ్మ ఉండే ఇంట్లో పానం తీస్తారా సామీ? నేను చచ్చినాక తీసుకోండి."

ఇన్‌స్పెక్టరు వాదించలేదు. "సరి, లోపలికి తేను. వసారాలో, వడ్ల మూటల కాడ పెడతాను. అమ్మ గదికి నేను పోను. అది నీ తల్లి ఇల్లే అనుకో." ఆమె చివరకు సరే అంది. ఆయన అలాగే చేశారు. వసారాలో, మూటల వెనక, పెరట్లో బిళ్ళలు పెట్టించి, మిగతా వీధి అంతా తిరిగి, మధ్యాహ్నానికి పని ముగించారు. జనంతో గొడవ పెట్టుకోకుండా పని చేయించుకోవడం ఆయనకు తెలిసినంత బాగా మా బ్లాకులో ఎవరికీ తెలియదు. ఆ రోజు కూడా అది మంచి పనే అనుకున్నాం.

నాలుగైదు రోజులకు ఆమెకు ఆయాసం వచ్చింది. కొడుకు ఇంక వినకుండా తిరుత్తణి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయని, చక్కెర ఉన్న పెద్ద వయసని చెప్పారు. మర్నాడు పోయింది. జ్వరం ఎందువల్ల వచ్చిందో ఎవరికీ తెలియలేదు. తెలుసుకోవాలని అడిగినవాళ్ళూ లేరు. అమ్మ తీసుకుపోయిందని ఊళ్ళో అనుకున్నారు. నేను కూడా చావుకు వెళ్ళి వచ్చాను. వాకిట్లో వేప మండలు తీసేశారు. చిన్న గదిలో మాత్రం దీపం అలాగే ఉంది. ఇప్పుడు అది చనిపోయిన మనిషి కోసం. కర్మ అయ్యేదాకా ఆర్పకూడదు. దీపానికి నూనె పోయడం, పళ్ళెంలో నీళ్ళు నింపడం కోడలు పని.

కర్మ అయిన రెండు రోజులకు కోడలికి జ్వరం వచ్చింది. అవే దద్దుర్లు. ఈసారి కొడుకు వేపాకు కట్టలేదు. సత్రం ఆస్పత్రికి, అక్కడి నుంచి తిరువళ్ళూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. డెంగీ కాదన్నారు, మలేరియా కాదన్నారు. జ్వరం తగ్గలేదు. మూడో రోజుకు మనిషి తికమకగా మాట్లాడుతోంది, మూత్రం తగ్గింది. అత్త పోయిన దారిలోనే కోడలు పోతుందని ఊళ్ళో మాట మొదలయింది.

అక్కడ వార్డు చూసే డాక్టరమ్మ చిన్న వయసుది. మదురై వైపు అమ్మాయి, తెలుగు రాదు. ఆమె కోడలి భర్తను అడిగింది, భార్య పొలానికి పోతుందా, పొదల్లో తిరుగుతుందా అని. పొదల్లో చిన్న పురుగు కుట్టి వచ్చే టైఫస్ జ్వరం మా జిల్లాలో మాకు కొత్త కాదు. అది కుట్టిన చోట నల్లటి పొక్కు ఉంటుంది. కోడలి ఒంటి మీద అది లేదు. పొలానికి పోలేదు. అప్పుడు డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. ఇంట్లో కుక్క, పిల్లి, ఇంకేమైనా జంతువులు ఉన్నాయా అని.

"ఏమీ లేవు మేడం" అన్నాడు కొడుకు.

ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. ఇన్‌స్పెక్టరుకు ఫోను చేసింది. "సార్, ఆ ఇల్లు మళ్ళీ ఒకసారి చూడండి. జంతువులు లేని ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ఇలా రాదు."

మర్నాడు ఉదయం కొట్టు దగ్గర ఆయన టీ సగం వదిలేశారు. ఇంట్లో కొడుకు ఒక్కడే ఉన్నాడు. కూతురిని మేనమామ ఇంటికి పంపాడు. మేము వసారా చూశాం, పెరడు చూశాం, మూటల వెనక చూశాం. చచ్చిన ఎలుకల వాసన ఇంకా ఉంది. తర్వాత ఆయన చిన్న గది గుమ్మం దగ్గరకు వెళ్ళారు. చెప్పులు విడిచారు. దండం పెట్టారు. ఈసారి లోపలికి అడుగు పెట్టారు.

దీపం కొండెక్కి ఉంది. పళ్ళెంలో నీళ్ళు అట్టడుగున మిగిలాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెంలోకి చూశారు. నన్ను పిలిచారు. నీళ్ళ మీద నల్లటి నలుసులు తేలుతున్నాయి, ఆవాల కన్నా చిన్నవి.

"అది వత్తి మసి సార్. మా అమ్మ ఉండేటప్పటి నుంచీ పడతానే ఉండాది. నా పెళ్ళాం రోజూ పారబోసి కడిగేది" అన్నాడు కొడుకు గుమ్మం బయట నుంచి.

ఇన్‌స్పెక్టరు వేలి కొనతో ఒక నలుసును తీసి గోరు మీద పెట్టుకున్నారు. జేబులో నుంచి భూతద్దం తీసి చూశారు. నాకు ఇచ్చారు. మసికి కాళ్ళుండవు. ఇంగ్లీషులో ఫ్లీ, మావైపు తమిళంలో తెళ్ళుపూచి అంటారు, తెలుగు మాట్లాడే మేమూ ఆ మాటే అంటాం. ఎలుకల మీద, కుక్కల మీద ఉండి రక్తం తాగే చిన్న పురుగు. రెక్కలుండవు, ఎగిరి దూకుతుంది. వెలుతురు కేసి దూకి నీళ్ళలో పడి చచ్చాయి.

"ఇవి దేని మీద నుంచి వచ్చినాయప్పా?" అని అడిగారు ఆయన. కోపంగా అడగలేదు.

కొడుకు గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి మూలనున్న బుట్ట మీద చీర తీశాడు. బుట్టలో ఐదు గినీ పందులు. పేరుకు పందులే గానీ ఎలుక జాతివి. కుందేలు పిల్లంత ఉంటాయి, తోక ఉండదు. తెల్లవీ గోధుమరంగువీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. చెవుల వెనక బొచ్చు ఊడి, గీక్కున్న చోట పుండ్లు పడ్డాయి.

కొడుకు చెప్పింది ఇది. కూతురు అడిగిందని చెన్నైలో ఒక జత కొని తెచ్చాడు, అవి పిల్లలు పెట్టి ఐదయ్యాయి. పిల్లకు నెలలో మోజు తీరిపోయింది. ముసలామె వాటిని తనవి చేసుకుంది. గరిక, అవిసాకు కోసి తెచ్చి పెట్టేది, పిల్లోళ్ళూ అని పిలిచేది. చాలా ఏళ్ళ కిందట కోళ్ళకు జబ్బు వచ్చినప్పుడు ఆఫీసర్లు వచ్చి ఇంట్లో కోళ్ళన్నింటినీ పట్టుకుపోయారు. అప్పటి నుంచి ప్రభుత్వం మనిషి వాకిట్లో కనబడితే ఆమెకు భయం. మేము వస్తున్నామని తెలిసి బుట్టను తన గదిలోకి తెచ్చుకుని చీర కప్పుకుంది. అమ్మ గదిలోకి ఎవరూ రారని ఆమెకు తెలుసు.

"యాడా చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాది సార్. పోయిన మనిషికి పెట్టిన ఒట్టు, ఎట్ల తప్పేది? అందుకే ఆ డాక్టరమ్మకు లేవని చెప్పినాను."

ఇన్‌స్పెక్టరు లేచి వాకిట్లోకి వచ్చి ఫోను తీశారు. డాక్టరమ్మతో ఆయన తమిళంలో మాట్లాడిన ఆ రెండు నిమిషాలు నాకు బాగా గుర్తు. తెళ్ళుపూచి ఉంది, ఎలుకలు ఉన్నాయి, వాటికి మందు పెట్టింది నేనే, గినీ పందులు ఉన్నాయి. ఈ నాలుగు చెప్పారు. చివరన, "నేను ఆ గదిలోకి పోలేదు మేడం, పోయుండాల్సింది" అన్నారు. ఆమె ఏమందో నాకు వినబడలేదు. ఆ గంటలోనే కోడలికి డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టారని తర్వాత తెలిసింది.

జరిగింది ఏమిటో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మీకు పనికివచ్చేది ఇదే. తెళ్ళుపూచి కడుపులో ఉండే ఒక సూక్ష్మక్రిమి వల్ల వచ్చే టైఫస్ జ్వరం అది. పొదల్లో వచ్చేదానికి దగ్గరి చుట్టమే గానీ, ఇది ఇంట్లోనే వస్తుంది. పురుగు కుట్టినచోట గీక్కుంటే దాని రెట్టలోని క్రిమి ఒంట్లోకి పోతుంది. ఎలుక బతికున్నంత సేపు పురుగు ఎక్కువగా ఎలుక మీదే ఉంటుంది. ఎలుక చచ్చి చల్లబడితే వదిలేసి వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటుంది. మేము పురుగుకు మందు చల్లకుండా ఎలుకకు మందు పెట్టాం. వసారాలో ఎలుకలు చచ్చాయి. పురుగులు మేము వెతకకుండా వదిలేసిన ఒకే ఒక్క గదిలోకి పోయాయి. అక్కడ బొచ్చున్న ఐదు వెచ్చటి ఒళ్ళు ఉన్నాయి, మట్టి నేల ఉంది, రోజూ దీపం దగ్గర కూర్చునే మనిషి ఉంది. ఆ గినీ పందులకు జబ్బు ఉందో లేదో మాకు తెలియదు, వాటి రక్తం ఎవరూ తీయలేదు. పురుగులకు చోటు మాత్రం అవే ఇచ్చాయి.

ఆ మధ్యాహ్నం కొడుకు బుట్ట ఎత్తుకుని కాలువ వైపు బయలుదేరాడు. ఇన్‌స్పెక్టరు అడ్డం నిలబడ్డారు.

"యాడికి?"

"వీటిని కాలవలో వేసి వస్తాను సార్. మా అమ్మను తినేసినాయి."

"కింద పెట్టప్పా. ఇవి చస్తే పురుగులు మళ్ళా నీ ఒంటి మీదికే వస్తాయి. చంపి చూసినాం గదా ఒకసారి."

ఆ ఆఖరి మాట ఇన్‌స్పెక్టరు తనకు తానే చెప్పుకున్నారని నాకనిపించింది.

నేల మీద, గోడల అడుగున, మూటల కింద పురుగుల పొడి చల్లించారు. చాపలు కాల్చాం, బట్టలు ఉడకబెట్టాం. పశువుల ఆస్పత్రి డాక్టరు వచ్చి గినీ పందులకు మెడ వెనక చుక్కల మందు వేశారు. అవన్నీ అయ్యాకే ఎలుకలకు బోన్లు పెట్టారు. ఇదంతా అయ్యేసరికి చీకటి పడింది. ఇన్‌స్పెక్టరు భోజనం చేయలేదు. నేను అడగలేదు.

కోడలికి మూడో రోజు జ్వరం దిగింది. మనుషులను గుర్తుపట్టింది. చెన్నై ల్యాబు నుంచి రక్తం ఫలితం వచ్చేసరికి ఆమె లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. ఫలితం మేము అనుకున్నదే. ఆ రోజు నేనూ ఇన్‌స్పెక్టరూ వార్డుకు వెళ్ళాం.

"నా జుట్టంతా ఊడిపోతా ఉండాది చూడక్కా" అంది ఆమె.

"మళ్ళా వస్తాదిలేమ్మా."

"మా అత్త ఉండుంటే గరిక రసం తాగమని చంపేసుండేది."

మేము నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అన్నది కాదు. కాసేపటికి ఇన్‌స్పెక్టరు ఆమె భర్తను బయట వరండాలోకి పిలిచారు. నేను తలుపు దగ్గర ఉన్నాను.

"నేను ఆ పొద్దు ఆ గదిలోకి పోయుంటే మీ అమ్మకు ఇదే మందు ఇచ్చేవాళ్ళు. నేను ఎలకల మందు పెట్టినాను కాబట్టే నీ పెళ్ళానికి వచ్చినాది. ఇది నేను నీకు చెప్పకపోతే ఎవురూ చెప్పరు."

"మీరు పోలేదు, మేము దాచినాం" అన్నాడు కొడుకు. "మా అమ్మకైతే మీరు గదిలోకి రానందుకు సంతోషం సార్. పొయ్యేదాకా చెప్తానే ఉన్నాది, ఆ సామి మర్యాద తెలిసినోడు అని."

తిరిగి వచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టరు స్కూటరు నడపనని అన్నారు. స్కూటరు ఆస్పత్రిలోనే వదిలేసి ఇద్దరం బస్సులో సత్రం దాకా వచ్చాం.

పెద్దామెకు జ్వరం మేము పోకముందే ఉంది. మా ఎలుకల మందు ఆమెకు జబ్బు తేలేదు. ఈ సంగతి ఆయనకు నేను చాలాసార్లు చెప్పాను. ఆయన తల ఊపేవారు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. ఆమె బతికేదా అంటే నాకూ తెలియదు. కోడలికి ఇచ్చిన మందు పడి ఉంటే బతికే అవకాశం ఉండేది. అంతే చెప్పగలను.

తర్వాతి నెల బ్లాకు మీటింగులో ఆయన లేచి నిలబడి జరిగింది మొత్తం చెప్పారు. తప్పు ఇంకెవరి మీదా పెట్టలేదు. కుర్రవాడొకడు, "ఆచారం ఉన్న ఇంట్లో ఏం చేస్తాం సార్, కొడతారు" అన్నాడు. ఆయన, "చెప్పులు విడువు, దండం పెట్టు, లోపలికి పో. తిడితే తిట్టించుకో. నన్ను ఎవురూ తిట్టలేదు, అదే నా ఖర్మ" అన్నారు. తర్వాత డెంగీ లెక్కలు మొదలయ్యాయి.

ఆ గినీ పందులను ఆ ఇంట్లో చూడలేమన్నారు. ఇన్‌స్పెక్టరు వాటిని తన ఇంటికి తీసుకుపోయారు. ఆయన భార్య మొదట ఊరుకోలేదు. "పొద్దంతా పురుగులను చంపే మనిషి, ఇంటికి ఎలకలను తెస్తాడు" అని నాతో ఫోనులో చెప్పుకుంది. అవి వరండాలో కొన్నేళ్ళు బతికాయి. స్కూటరు ముందు సంచిలో రోజూ గరిక కట్ట ఉండేది. కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే, "నాకేలే, చెక్కరకు" అనేవారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. తర్వాత అలవాటయింది.

నేను ఆయనకన్నా ముందు రిటైరయ్యాను. కాబట్టి బహుశా నేనే పెద్ద. ఆయన చావుకు పొన్నేరి వెళ్ళినప్పుడు పాత వీధుల నుంచి జనం వచ్చారు. కోడలు కూడా వచ్చింది. జుట్టు ఒత్తుగా పెరిగి, అక్కడక్కడా నెరిసింది. శవం తల దగ్గర దీపం పెట్టి ఉంది. ఆమె వంగి దీపం కింద పళ్ళెంలోకి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది.

ఈ మధ్య ఒక జ్వరం ఇంటికి మా బ్లాకు కుర్రవాళ్ళు పోతుంటే నేను కూడా ఊరికే వెళ్ళాను. వాకిట్లో వేపాకు ఉంది. వాళ్ళు చెప్పులు విడిచారు, దండం పెట్టారు, అన్ని గదులూ చూశారు. ముందు నేల మీద పురుగుల పొడి చల్లారు. ఎలుకల బోన్లు ఇంకో రోజు తెస్తామన్నారు. ఇంటి ముసలాయన తిట్టాడు, వాళ్ళు తిట్టించుకున్నారు. మీటింగులో లేచి మాట్లాడిన ఆయన ఎవరో వాళ్ళకు తెలియదు. పని ఇలాగే నేర్పారని మాత్రం చెప్పారు.

గుమ్మం దగ్గర దండం పెట్టి వెనక్కి తిరగడం మా బ్లాకులో ఇప్పుడు లేదు.